ఆల్చిప్పలో దొరికిన ఆచూకీ

రక్తపరీక్ష రిపోర్టు చేతికొస్తుంది. అన్నీ బాగానే ఉంటాయి, విటమిన్ బి12 ఒక్కటే ఉండాల్సిన దానికన్నా కింద కనిపిస్తుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, ఊరికే అలసట, నాలుక మంట, మతిమరుపు... వీటన్నిటికీ కారణం అదేనని డాక్టరు చెబుతారు. ఆ తర్వాత మీరు శాకాహారులా అని అడుగుతారు. మన ఇళ్లలో ఇది చాలామందికి అనుభవమే. పాలు, పెరుగు తీసుకునే శాకాహారులకు కొంతైనా బి12 అందుతుంది. పాలు కూడా మానేసి పూర్తిగా మొక్కల ఆహారం మీదే ఉండేవారికి ఆ దారీ ఉండదు. ఆకుకూరలు, పప్పులు, పండ్లు ఎన్ని తిన్నా వాటిలో బి12 ఉండదు. నేలమీది మొక్కలకు దాంతో అవసరమే లేదు మరి.

అందుకే ఈ మధ్య చాలామంది చూపు సముద్రం వైపు మళ్లింది. జపాన్ వాళ్లు అన్నాన్ని చుట్టుకుని తినే నల్లటి పల్చటి రేకు ఒకటుంది. పేరు నోరి. మన ఆత్రేయపురం పూతరేకుకు నల్లరంగు వేస్తే ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉంటుంది. సముద్ర నాచును కడిగి, తరిగి, చాపల మీద పల్చగా పరచి ఎండబెడితే వచ్చే రేకు అది. మొక్కల ఆహారంలో బి12 చెప్పుకోదగ్గ మోతాదులో ఉండే అతి కొద్ది పదార్థాల్లో నోరి ఒకటి.

నోరి ఇవాళ హైదరాబాద్ సూపర్ మార్కెట్లో కూడా ప్యాకెట్లలో దొరుకుతోందంటే, దాని వెనక మాంచెస్టర్‌లో జీతం లేకుండా పనిచేసిన ఒక మహిళ ఉన్నారు. ఆమె పేరు కాథలీన్ మేరీ డ్రూ. పెళ్లయ్యాక డ్రూ బేకర్. జపాన్‌లో నోరి రైతులు ఆమెను సముద్ర మాతగా కొలుస్తారు. ఆమె మాత్రం ఆ దేశంలో ఎన్నడూ అడుగు పెట్టలేదు.

పెళ్లి చేసుకున్నందుకు...

1901 నవంబరు 6న ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతంలో లీ అనే పట్టణంలో కాథలీన్ పుట్టారు. బడి చదువు సాలిస్‌బరీలో సాగింది. స్కాలర్‌షిప్ సంపాదించుకుని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివారు. 1922లో ప్రథమ శ్రేణిలో డిగ్రీ, మరుసటి ఏడాది మాస్టర్స్. ఆడపిల్లలు సైన్సు డిగ్రీ దాకా రావడమే అరుదైన రోజులవి. చదివిన చోటే ఆమెకు అధ్యాపకురాలిగా ఉద్యోగం వచ్చింది.

ఆమె మనసు మొదటి నుంచీ నాచు మీదే ఉంది. అందులోనూ ఎర్ర నాచు. రాళ్లకు అంటుకుని, అల వచ్చినప్పుడల్లా తడుస్తూ, అల వెళ్లగానే ఎండుతూ బతికే ఈ జీవాలను అప్పట్లో పెద్దగా పట్టించుకున్నవారు లేరు. 1925లో కామన్‌వెల్త్ ఫెలోషిప్ రావడంతో అమెరికా వెళ్లి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్‌క్లీ ప్రాంగణంలో రెండేళ్లు పనిచేశారు. నమూనాల కోసం హవాయి దీవుల దాకా వెళ్లొచ్చారు.

తిరిగొచ్చాక 1928లో హెన్రీ రైట్ బేకర్‌ను పెళ్లాడారు. ఆయనా మాంచెస్టర్‌లోనే ఇంజినీరింగ్ అధ్యాపకుడు. ఆయన ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఆమె ఉద్యోగం మాత్రం పోయింది. పెళ్లయిన స్త్రీలకు కొలువు ఇవ్వకూడదన్నది అప్పటి విశ్వవిద్యాలయ నియమం. ఆమె పనితీరులో లోపం ఉందని ఎవరూ అనలేదు. పెళ్లి చేసుకున్నారు, అంతే.

ఇలాంటి చోట చాలామంది ఇంటికే పరిమితమైపోయేవారు. ఆమె మాత్రం ప్రయోగశాలను వదల్లేదు. జీతం లేని పరిశోధకురాలిగా అదే విశ్వవిద్యాలయంలో కొనసాగారు. ఇద్దరు పిల్లల్ని పెంచుతూనే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నారు. 1939లో అదే విశ్వవిద్యాలయం ఆమె పరిశోధనలకు డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా ఇచ్చింది. పట్టా ఇచ్చేటప్పుడు పెళ్లి అడ్డురాలేదన్నమాట!

వేసవిలో మాయమయ్యే పంట

ఇంతకీ ఆమె తలపెట్టిన చిక్కుముడి ఏమిటి? ఆమె ఎంచుకున్న నాచు పేరు పోర్ఫైరా. జపాన్‌లో నోరిగా మారేది ఈ కుటుంబపు నాచే. బ్రిటన్‌లో, ముఖ్యంగా వేల్స్ తీరంలో దీన్ని లేవర్ అంటారు. గంటల తరబడి ఉడికించి ముద్దగా చేసి తింటారు. మనం గోంగూరను మెత్తగా ఉడికించుకున్నట్టే అనుకోండి.

ఈ నాచు చలికాలంలో రాళ్ల మీద పల్చటి ఆకుల్లా ఏపుగా పెరుగుతుంది. వేసవి వచ్చేసరికి కనిపించకుండా పోతుంది. మళ్లీ చలి మొదలుకాగానే ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు మొలుస్తుంది. మధ్యలో ఆ నెలలన్నీ అది ఎక్కడుంటుంది? నాచు విత్తనాలతో పెరగదు. సిద్ధబీజాలనే అతి సూక్ష్మమైన కణాలను నీళ్లలోకి వదులుతుంది. ఆ కణాలు ఏమవుతున్నాయో, ఎక్కడ దాక్కుంటున్నాయో ఎవరికీ అంతుబట్టలేదు.

బ్రిటన్‌లో ఇది ఓ శాస్త్రవేత్త కుతూహలం మాత్రమే. జపాన్‌లో మాత్రం వేల కుటుంబాలకు తిండి విషయం. అక్కడి జాలర్లు వందల ఏళ్లుగా శరదృతువులో లోతు తక్కువ నీళ్లలో వెదురు కొమ్మలు, పుల్లలు పాతేవారు. వాటికి నాచు అంటుకుంటుందని ఆశగా ఎదురుచూసేవారు. తర్వాతి కాలంలో వలలు కట్టడం మొదలైంది. ఏదైనా పద్ధతి ఒకటే. పాతడం వరకే మనిషి పని, మొలవడం సముద్రం దయ. ఒక ఏడాది బాగా అంటుకునేది, మరో ఏడాది కొమ్మలు ఖాళీగా నిలబడేవి. నారు ఎక్కడుందో తెలియకుండా నాట్లు వేయమంటే మన రైతు ఏం చేస్తాడు? వాళ్ల పరిస్థితీ అంతే. అందుకే నోరిని అదృష్టపు గడ్డి అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారట.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ అదృష్టం కూడా మొహం చాటేసింది. తుపాన్లు విరుచుకుపడ్డాయి. తీరం పాడైంది. పంట కుదేలైంది. అసలే తిండికి కటకటలాడుతున్న దేశం. ఏం చేస్తే నాచు మళ్లీ వస్తుందో చెప్పగలిగిన వాళ్లు లేరు.

సరిగ్గా ఆ సమయంలోనే మాంచెస్టర్‌లో కాథలీన్ ఒక చిన్న ప్రయోగం చేశారు. పోర్ఫైరా సిద్ధబీజాలను ప్రయోగశాలలో పెంచాలని చూస్తూ, సముద్రపు నీళ్లలో శుభ్రం చేసిన ఆల్చిప్పలను కూడా ఉంచారు. కొన్నాళ్లకు ఆ చిప్పల మీద గులాబీ రంగు మచ్చలు కనిపించాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే దారాల్లాంటి పోగులు చిప్పను తొలుచుకుంటూ లోపలికి పాకుతున్నాయి. ఆ గులాబీ పోగులు శాస్త్రానికి కొత్తవేమీ కావు. గవ్వల్లో బతికే వేరే జాతి నాచు అనుకుని 1892లోనే దానికి కోంకోసెలిస్ అని పేరు పెట్టేశారు. పుస్తకాల్లో అది ఒక జాతి, పోర్ఫైరా ఇంకో జాతి. రెండింటికీ సంబంధం లేదనే అర్ధశతాబ్దం పైగా అందరూ నమ్మారు.

రెండూ ఒకటేనని కాథలీన్ తేల్చారు. గొంగళిపురుగును, సీతాకోకచిలుకను చెరో జాతి అని రాసుకున్న పొరపాటు లాంటిదే ఇదీ. వేసవి వేడిని తప్పించుకోవడానికి పోర్ఫైరా ఆల్చిప్పల్లోకి దూరి, గుర్తుపట్టలేని మరో రూపంలో కాలం గడుపుతోంది. 1949 అక్టోబరులో నేచర్ పత్రికలో ఈ సంగతి ప్రచురితమైంది. చాలా చిన్న వ్యాసం. అందులో జపాన్ ఊసు లేదు, వ్యాపారం ఊసు అసలే లేదు. బ్రిటన్ తీరంలో దొరికే ఒక నాచు జీవితచక్రం గురించిన శాస్త్రీయ సమాచారం మాత్రమే.

మాంచెస్టర్ నుంచి అరియాకే సముద్రానికి

ఈ వ్యాసం విలువను మొదట పట్టుకున్నది జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో నాచు శాస్త్రవేత్త సోకిచి సెగావా. బ్రిటన్ నాచుకు వర్తించింది తమ నాచుకూ వర్తిస్తుందా అని చూశారు. వర్తించింది. అక్కడి నోరి కూడా వేసవిలో చిప్పల్లోనే తలదాచుకుంటోంది. ఆ తర్వాత కుమామోతో ప్రాంతపు మత్స్య పరిశోధన కేంద్రంలో పనిచేసే ఫుసావో ఓతా ఈ జ్ఞానాన్ని రైతు చేతికి అందే పద్ధతిగా మలిచారు. 1953 నాటికి కృత్రిమంగా నారు పోయడం సాధ్యమైంది.

ఆ పద్ధతి తెలుసుకుంటే ముచ్చటేస్తుంది. వసంతంలో నాచు వదిలే సిద్ధబీజాలను ఆల్చిప్పల మీద చల్లుతారు. ఆ చిప్పలను తాళ్లకు గుచ్చి నీళ్ల తొట్లలో వేలాడదీస్తారు. వేసవంతా గులాబీ పోగులు చిప్పల్లో పెరుగుతాయి. శరదృతువులో నీళ్లు చల్లబడగానే పోగుల నుంచి కొత్త బీజాలు విడుదలవుతాయి. అప్పుడు వలలను ఆ నీళ్లలో తిప్పితే బీజాలు వలకు అంటుకుంటాయి. ఆ వలలను తీసుకెళ్లి సముద్రంలో కట్టడమే మిగిలిన పని. తొట్టి నారుమడి, సముద్రం పొలం. లేత మొలకలున్న వలలను గడ్డకట్టించి నిల్వ చేసుకునే పద్ధతి కూడా తర్వాత వచ్చింది. మొదటి పంట దెబ్బతింటే ఆ వలలు బయటికి తీస్తారు.

ఎప్పుడొస్తుందో తెలియని నాచు ఇలా ఏటా చేతికందే పంటగా మారింది. జపాన్‌తో పాటు కొరియా, చైనా దేశాల్లో ఇవాళ జరుగుతున్న నోరి సాగంతటికీ పునాది ఈ ఆల్చిప్పల నారుమడే. కాథలీన్ దీని మీద పేటెంటు తీసుకోలేదు, పైసా సంపాదించలేదు.

ఆమె ఆ తర్వాత కూడా ఎర్ర నాచు మీదే పనిచేశారు. 1952లో నాచు అధ్యయనం కోసం బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నప్పుడు వ్యవస్థాపకుల్లో ఆమె ఒకరు, తొలి అధ్యక్షురాలూ ఆమే. 1957 సెప్టెంబరు 14న మాంచెస్టర్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు 55 ఏళ్లు.

ఇంతకీ అందులో బి12 ఎలా వచ్చింది?

కాథలీన్ ఆల్చిప్పల సంగతి ప్రచురించడానికి ముందటి ఏడాది, 1948లో, అమెరికాలో, బ్రిటన్‌లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా బి12ను కాలేయం నుంచి వేరుచేశాయి. అదే ఏడాది ఆగస్టులో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో కన్నుమూశారు. ఆయన బృందం తయారు చేసిన ఫోలిక్ యాసిడ్, బి12 రెండూ రక్తం తయారీలో జోడెడ్ల లాంటివి. ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బి12 లోపం ఉన్నవారు ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రమే వేసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టే కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతినడం మాత్రం ఆగదు.

బి12ను ఏ మొక్కా, ఏ జంతువూ తయారు చేయలేదు. బ్యాక్టీరియా, వాటి బంధువులైన కొన్ని సూక్ష్మజీవులే చేస్తాయి. పశువుల కడుపులోని సూక్ష్మజీవుల వల్లే పాలలోకి అది వస్తుంది. నాచులో సగానికి పైగా జాతులకు బతకడానికి బి12 కావాలి. చుట్టూ ఉన్న నీళ్లలోని బ్యాక్టీరియా నుంచే అవి దాన్ని సంపాదించుకుంటాయి. అలా చేరిన బి12 నోరిలో నిల్వ ఉంటుంది. జపాన్ పరిశోధకుల లెక్క ప్రకారం, ఎండు నోరి సుమారు 4 గ్రాములు తింటే పెద్దవారికి రోజుకు కావాల్సిన మోతాదు, అంటే రెండు మైక్రోగ్రాముల పైచిలుకు, అందుతుంది. పెద్ద రేకు ఒక్కోటి సుమారు మూడు గ్రాములు తూగుతుంది. అయితే జాతిని బట్టి, కోతను బట్టి, ఎండబెట్టిన తీరును బట్టి ఈ లెక్క బాగా మారుతుంది. బి12తో పాటు విటమిన్ ఎ గా మారే కెరొటిన్, కొంత అయోడిన్, మాంసకృత్తులు కూడా ఉంటాయి.

తింటే ఒంటికి పడుతుందా అన్నదే అసలు ప్రశ్న. దీని మీద శాస్త్రవేత్తల మధ్య చాలాకాలం వాదన నడిచింది. 1991లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనలో, బి12 లోపమున్న పిల్లలకు నోరి, స్పిరులినా వంటివి పెడితే రక్తంలో బి12 అంకె పెరిగింది గానీ రక్తకణాల తీరు బాగుపడలేదు. బి12లా కనిపిస్తూ ఒంటికి పనికిరాని పదార్థాలు కొన్ని ఉంటాయి. స్పిరులినాలో ఉండేది ఎక్కువగా అదే. స్పిరులినా మాత్రలతో బి12 లోపం తీరుతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. నోరి విషయంలో మాత్రం ఇటీవల మంచి సూచనలు వచ్చాయి. 2024లో ప్రచురితమైన తైవాన్ పరిశోధనలో 30 మంది శాకాహారులను తీసుకుని, కొందరికి నాలుగు వారాల పాటు రోజుకు 5 గ్రాములు, మరికొందరికి 8 గ్రాముల వేయించిన నోరి ఇచ్చి చూశారు. బి12 స్థితి మెరుగుపడింది. ఎక్కువ తిన్నవారికి మరింత మేలు జరిగిందేమీ లేదు, 5 గ్రాములే సరిపోయింది.

ముప్పై మందితో, నాలుగు వారాలతో చేసిన పరిశోధనను పట్టుకుని మాత్రలు మానేయమని చెప్పలేం. ఇప్పటికే లోపం బయటపడినవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ లేదా గ్యాస్ మాత్రలు వాడుతున్నవారు, అరవై దాటినవారు డాక్టరు చెప్పిన మాత్రలు లేదా ఇంజెక్షన్లే వాడాలి. పాలు కూడా మానేసినవారికీ ఇదే వర్తిస్తుంది. నోరిని భోజనంలో అదనంగా చేర్చుకోవచ్చు. కూరలో అయినా, పెరుగన్నం మీద నలిపి చల్లుకున్నా బాగుంటుంది. అన్నంతో దానికి వందల ఏళ్ల స్నేహం!

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక ఓసారి చూడండి. చిరుతిండిగా అమ్మే రకాల్లో ఉప్పు, నూనె దట్టించి ఉంటాయి. కొన్నింటికి చేప లేదా రొయ్య రుచి కలుపుతారు కాబట్టి శాకాహార గుర్తు ఉందో లేదో గమనించాలి. ఇంకో మాట. సముద్ర నాచు అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. జపాన్ వాళ్లు చారుకు వాడే కొంబు అనే గోధుమరంగు నాచులో అయోడిన్ నోరికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. థైరాయిడ్ సమస్య ఉన్నవారు దాని జోలికి పోకపోవడమే మేలు. నోరి అయినా రోజూ తినాలనుకుంటే డాక్టరును అడగాలి. రక్తం పల్చబడే మందు వార్ఫరిన్ వాడేవారికి విటమిన్ కె వల్ల ఇదే జాగ్రత్త. మన ఇళ్లలో హల్వాలకు, పుడ్డింగులకు వాడే చైనా గ్రాస్ కూడా సముద్ర నాచు నుంచి తీసిందే. కానీ అది శుద్ధి చేసిన పీచు పదార్థం. విటమిన్ల కోసం దాన్ని తిని ప్రయోజనం లేదు.

క్యూషూ దీవిలో అరియాకే సముద్రానికి ఎదురుగా ఉతో అనే పట్టణం ఉంది. అక్కడి సుమియోషి ఆలయం పక్కనున్న గుట్ట మీద 1963లో కాథలీన్ స్మారకాన్ని నిలిపారు. ఏటా ఏప్రిల్ 14న, ఆ ఏడాది నోరి కోతలు ముగిసే వేళకు, రైతులు అక్కడ చేరి ఆమెను తలచుకుంటారు. దాన్ని డ్రూ పండుగ అంటారు. ఈ మధ్య అరియాకేలో కూడా కష్టాలు మొదలయ్యాయి. సముద్రం వేడెక్కుతోంది, నాచుకు కావాల్సిన పోషకాలు నీళ్లలో తగ్గుతున్నాయి. 2022-23 చలికాలంలో దిగుబడి దారుణంగా పడిపోయింది. ఇప్పుడు అక్కడి పరిశోధకులు వేడిని తట్టుకునే రకాల కోసం వెతుకుతున్నారు. ఆ వెతుకులాట కూడా చిప్పల్లోని గులాబీ పోగులను చూడటంతోనే మొదలవుతుంది.